బోర్లించిన సుగంధి గ్లాసు

మొన్న వేసవిలో ముసునూరు వెళ్ళాను. మా ఆడపడుచు మనవరాలి నిశ్చితార్థం. ఇంటిముందు షామియానా, దానికింద కుర్చీలు, కుర్చీల్లో ఉడికిపోతూ మేము. ఒక అమ్మాయి ట్రే నిండా కాగితం కప్పులు పెట్టుకుని వచ్చి, నా ముందు వంగి, "మామ్మగారూ, బ్లాకా, ఆరెంజా, వైటా?" అని అడిగింది. "ఎర్ర కలరు లేదుటమ్మా?" అన్నాను. పక్కనున్న పిల్లకాయలంతా కిసుక్కున నవ్వారు. కలరేంటి, డ్రింక్ అనాలట. కూల్ డ్రింక్ అన్నా పాత మాటేనట. నవ్వండి నాయనా, నవ్వితే నా సొమ్మేం పోయింది! మీ తాతలూ ముత్తాతలూ మామిడితోటల బేరాలు చేసుకుంది కలర్లు తాగుతూనే. అంతెందుకు, ఆ నిశ్చితార్థం పెళ్ళికూతురి నాయనమ్మ పెళ్ళి కుదిరిందే ఒక గ్లాసు పుణ్యమా అని. ఆ మాట అక్కడ చెబుదామంటే మైకులో పాటలు. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను నూజివీడు కాపురానికి వచ్చింది అరవైల మొదట్లో. మా పుట్టిల్లు బాపులపాడు. మా పుట్టింట్లో దాహం వేస్తే మంచినీళ్ళు, ఎండదెబ్బ తగిలితే మజ్జిగ, అంతకుమించి మూడోది లేదు. మా అత్తవారిది మామిడికాయల వ్యాపారం. ఇంటి ముందు భాగమంతా కొట్టు, వెనక భాగం ఇల్లు. వేసవి వచ్చిందంటే తెల్లవారకుండానే తోటల్లోంచి బళ్ళు దిగేవి. రసాలు, బంగినపల్లులు, కలెక్టరు కాయలు, వాటితోపాటు వరిగడ్డి, గంపలు, సొన వాసన, అరుపులు. మగవాళ్ళు తువ్వాలు కింద చేతులు దూర్చి, వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకునేవారట. మేం చూడలేదు. ఆ ఇంటి కోడళ్ళూ కూతుళ్ళూ కొట్లోకి తొంగిచూడకూడదని మా మామగారి శాసనం. వంటింటికీ కొట్టుకీ మధ్య గోడలో ఒక గూడు ఉండేది, అడుగు వెడల్పు, దానికో చెక్కరెక్క. అటునుంచి మామగారు కేకేస్తే ఇటునుంచి మేం గ్లాసులు పెట్టాలి. తాగిన గ్లాసులు మళ్ళీ అందులోంచే లోపలికి వచ్చేవి. ఆ గూట్లోంచి కనబడేవి మోచేతుల దాకా చేతులు, అంతే. కాపురానికి వచ్చిన మొదటి వేసవంతా నేను చూసిన మగ ప్రపంచం చేతులే. బొచ్చు చేతులు, ఉంగరాల చేతులు, మామిడి జీడి అంటుకుని మచ్చలు తేలిన చేతులు.

కొట్టుకొచ్చిన వాడికి ఏదో ఒకటి చల్లగా ఇవ్వకుండా పంపడం మా మామగారికి తెలియదు. బేరం కుదిరినా సరే, చెడినా సరే. ఎదురుగా సోడాకొట్టు. రంపపు పొట్టులో ఐసుగడ్డ, దానిమీద గోనెసంచి, దానికింద సోడాలు, కలర్లు. సోడాకొట్టు నుంచి సీసాలు పెరటిగుమ్మంలో మాకు అందేవి. మేం గోళీ నొక్కి గ్లాసుల్లో పోసి గూట్లో పెట్టేవాళ్ళం. ఎవరికేది ఇష్టమో మామగారికి నోటికొచ్చు. మాకు వాళ్ళ పేర్లు తెలియవు, ఊళ్ళు తెలియవు, మొహాలు అసలే తెలియవు. తెలిసినా మగవాళ్ళ పేర్లు పలకడం ఆ ఇంటి ఆడవాళ్ళకి అలవాటు లేదు. మా అత్తగారైతే భర్త పేరులో సగం ఉందని గోపీచందనాన్ని కూడా 'ఆ పచ్చటిది' అనేవారు. అందుకని మాకు మనుషులంటే వాళ్ళు తాగేవే. "ఎర్ర కలరాయన భోజనానికి ఉంటాట్ట, ఇంకో గిద్దెడు బియ్యం పొయ్యి." "నారింజ కలరాయనకి కొడుకు పుట్టాట్ట." "ఉప్పుసోడా ఆయన ఇవ్వాళ కోపంగా ఉన్నట్టున్నాడు, గ్లాసు ఠంగున పెట్టాడు." ఇలా సాగేది మా లోకాభిరామాయణం. మా మామగారు ఉత్త సోడా. మా ఆయన ఎర్ర కలరని నాకు తెలిసింది కూడా గూట్లోంచే. పెళ్ళయిన కొత్త, నాతో పగలు ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు గానీ, ఎర్ర కలరు గ్లాసులో ఒక గుక్క మిగిల్చి లోపలికి పంపేవారు. అది ఎవరికో నాకు అర్థమవడానికి వారం పట్టింది. ఎరుపు నా రుచి అయిపోవడానికి అదీ కారణం. సరే, నా సంగతి కాదు చెప్పాల్సింది.

చెప్పాల్సింది మా ఆడపడుచు సంగతి. నాకూ తనకూ నెలలే తేడా. చక్కని పిల్ల, పెద్ద కళ్ళు, చేతిలో ఏ పని పెట్టినా అందం వచ్చేది. ఒకటే లోటు, పొడుగు. లోటు అని నేననడం లేదు, ఊరు అనేది. మా ఇంటి గుమ్మం దాటాలంటే తను తల వంచాల్సిందే, మా ఆయనకి ఆ అవసరం లేదు. వచ్చిన సంబంధమల్లా పిల్ల లేచి నిలబడేదాకా బాగానే ఉండేది. లేచి నిలబడగానే పెళ్ళికొడుకు తల్లి కొడుకు వైపు చూసేది, కొడుకు నేల చూసేవాడు. ఆ తరవాత ఊరెళ్ళి ఉత్తరం రాస్తామనేవారు. అలా నాలుగు సంబంధాలు పోయేసరికి మా అత్తగారు, పాపం కన్నతల్లే, "కాస్త వంగవే, నడుం నొప్పి అన్నట్టు వంగు" అనడం మొదలెట్టారు. వంగి వంగి ఆ పిల్లకి అదే నడకైపోయింది. భుజాలు ముందుకి ముడుచుకుని, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు తిరిగేది. నాకు ఒళ్ళు మండిపోయేది. దేవుడిచ్చిన ఎత్తుని కూడా దాచుకోవాలా ఆడపిల్ల? కానీ కొత్తకోడల్ని, నోరెక్కడిది నాకు!

ఆ ఇంట్లో కలర్లన్నీ బయటివే గానీ సుగంధి మాత్రం ఇంటిది. అది మా ఆడపడుచు చేతి విద్య. కొండల వైపునుంచి వచ్చేవాళ్ళ దగ్గర సుగంధిపాల వేళ్ళు కొని, దంచి, నానబెట్టి, కాచి, పంచదార పాకంలో కలిపి, నిమ్మరసం పిండి జాడీకెత్తేది. కాస్తున్నప్పుడు వంటిల్లు తొలకరి మట్టిలా ఘుమఘుమలాడేది. గ్లాసులో రెండు చెంచాలు వేసి పైన సోడా పోస్తే సరి. అయితే కొట్లో సుగంధి అడిగేవాళ్ళు లేరు. ఇంట్లో చేసింది ఎవడిక్కావాలి, రంగున్నదే దొరలాగా ఉంటుంది. ఆ వేసవిలో ఒక్కడే అడిగేవాడు. "ఒక సుగంధీ" అని మామగారి కేక వినబడగానే మా ఆడపడుచు తనే లేచేది. కాసేపటికి గ్లాసు తిరిగొచ్చేది. మిగతా గ్లాసులన్నీ ఎలా వస్తాయి? అడుగున కాస్త మిగిలి, అంచున మీసం మరకలు పడి, చీమలు పట్టి. ఆ ఒక్క గ్లాసు మాత్రం కొట్లో ఉన్న కుండనీళ్ళతో శుభ్రంగా కడిగి, గూట్లో బోర్లించి ఉండేది. మొదటిసారి చూసి మా అత్తగారు, "తాగలేదేంటి ఆయన? తిప్పి పంపాడా?" అన్నారు. కాదు, తాగి, కడిగి, బోర్లించాడు. రెండోరోజూ అంతే. ఆ సీజనంతా అంతే.

మీకిది చిన్న సంగతిలా అనిపించవచ్చు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా ఎవరెవరి ఎంగిలి గ్లాసులో బూడిదతో తోమి తోమి వేళ్ళు ఒరుసుకుపోయిన వాళ్ళని అడగండి. గోడకి ఇవతల మనుషులున్నారని, వాళ్ళకీ చేతులుంటాయని, ఆ కొట్టుకొచ్చిన ఇన్ని వందల మందిలో ఒక్కడికి తట్టింది. మా ఆడపడుచు ఆ గ్లాసుని మిగతా వాటితో కలపకుండా విడిగా తుడిచి పెట్టుకునేది. తరవాత తరవాత ఆయన గ్లాసులో ఒక ఏలక్కాయ దంచి వేయడం మొదలెట్టింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఒకరోజు బోర్లించిన గ్లాసు ఎత్తితే కింద ఆ ఏలక్కాయ తొక్క, శుభ్రంగా కడిగింది, బుద్ధిగా కూర్చుని ఉంది. అందింది అని చెప్పడం కాబోలు. మా ఆడపడుచు మొహం చూడాలి అప్పుడు! "ఏంటే సంగతి?" అన్నాను. "ఏం లేదు వదినా" అంది. ఏం లేదన్న పిల్ల ఆ పూటంతా వంగడం మరిచిపోయి నిటారుగా తిరిగింది, గుమ్మం తగిలి నుదురు బొప్పి కట్టించుకుంది. అంతలో తొలకరి పడింది. కాయలు అయిపోయాయి, కొట్టు మూతపడింది. మళ్ళీ వేసవి దాకా గూటి రెక్క తీసే పని లేదు.

ఆ మళ్ళీ వేసవికి నల్లది దిగింది. బెజవాడ నుంచి చెక్కపెట్టెల్లో సీసాలు సీసాలుగా వచ్చింది. సోడాకొట్టు ముందు జనం తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చారు. దాన్నేమనాలో ఎవరికీ తెలియలేదు, అందుకని ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టారు. మా మామగారు 'ఇంగ్లీషు కలరు' అనేవారు. బళ్ళవాళ్ళు 'మందు సోడా' అనేవారు. నల్లగా, ఘాటుగా ఉండి, త్రేన్పు వస్తుంది కదా, ఆ లెక్కన. మా అత్తగారు ఒక్క చుక్క నాలిక్కి రాసుకుని, "తారునీళ్ళు" అని తీర్పు చెప్పి పుక్కిలించారు. పక్కింట్లో మిషన్ బడి పంతులమ్మగారు ఉండేవారు. ఆవిడ మా పెరటి గోడ మీదనుంచి, "కోలా అనాలండీ, కో-లా" అని పిల్లలకి చెప్పినట్టు చెప్పేవారు. మేం మొహమొహాలు చూసుకుని 'నల్ల కలరు' దగ్గర స్థిరపడ్డాం. మా ఆయన తువ్వాల్లో దాచి నాకో సీసా తెచ్చారు. ఒక్క గుక్క తాగానో లేదో ముక్కులోంచి, కళ్ళలోంచి వచ్చింది. ఆయన విరగబడి నవ్వారు. నా ఎరుపు నాకు చాలు బాబూ అని దణ్ణం పెట్టేశాను.

కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా? ఎర్ర కలరాయన నల్ల కలరాయన అయిపోయాడు. నారింజాయనా అంతే. ఉప్పుసోడా ఆయన కూడా ఉప్పు మానేశాడు. నల్లది ఇవ్వడం మర్యాద, పుచ్చుకోవడం గొప్ప. అందరూ నల్ల కలరు ఆయనలే అయిపోతే ఎవరు ఎవరో మాకెలా తెలుస్తుంది? కొట్టంతా ఒక్కడే తిరుగుతున్నట్టుండేది. పైగా నల్లదాన్ని గ్లాసులో పోసుకుని తాగితే మోటట, సీసా ఎత్తి తాగాలట. సీసాలు సోడాకొట్టు నుంచి తిన్నగా కొట్లోకే వెళ్ళేవి, తిన్నగా వెనక్కి పోయేవి. మాకు తోమే బాధ తప్పింది. మా అత్తగారు ఆ ఒక్కందుకు తారునీళ్ళకి దణ్ణం పెట్టారు. మా ఆడపడుచు మాత్రం గూటి దగ్గరే పీట వేసుకుని కూర్చునేది. కొత్త జాడీ కాచి పెట్టింది. ఏలకులు వలిచి పెట్టింది. ఒక రోజు "ఒక సుగంధీ" అని కేక రానే వచ్చింది. ఏలక్కాయ దంచి వేసి, కలిపి పెట్టింది. గ్లాసు తిరిగొచ్చింది, నిలువుగానే. అడుగున ఇంత మిగిలి, అందులో వక్కపలుకు తేలుతూ. "ఈయన ఆయన కాదు వదినా" అంది. తరవాత వచ్చినవీ అవే వక్కపలుకు గ్లాసులు. ఒక మధ్యాహ్నం పొయ్యిముందు కూర్చుని, "ఆయన వస్తున్నాడో రావట్లేదో కూడా తెలీదు. పేరైనా తెలీదు. ఎవరినని అడగను వదినా?" అని ఏడ్చింది. మనిషి పోతే ఫలానావాడు పోయాడని ఏడవచ్చు. ఈ పిల్లకి ఆ పాటి గుర్తు కూడా లేదు.

ఇక ఊరుకోకూడదనుకున్నాను. అత్తగారి జడ అల్లుతూ మెల్లగా చెవిన వేశాను. అమ్మాయికి సుగంధి ఆయన మీద మనసుందని, మనవాళ్ళేనేమో కనుక్కోమని. అత్తగారు ముందు గుండెల మీద చెయ్యేసుకున్నారు, తరవాత ఆలోచించారు, ఆ తరవాత భోజనాల దగ్గర మామగారికి మజ్జిగ పోస్తూ, "అమ్మాయికి సుగంధి ఆయన నచ్చాట్ట" అన్నారు. మామగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. నేను తలుపు వెనకనుంచి విన్నాను. "సుగంధి ఆయనా? ఆయనా?" అన్నారు. "ఏం, మనవాళ్ళు కారా?" "మనవాళ్ళే. ఆస్తిపరుడే. పొడుగు మనిషి కూడానూ." ముద్ద విస్తట్లో పెట్టేసి, "పిల్ల మనసైతే సరే. నేనెందుకు కాదంటాను" అని లేచి చేతులు కడుక్కున్నారు. ఆ గొంతులో ఏదో వెలితి ఉంది. నాకది అప్పుడు తెలియలేదు. కబురు వెళ్ళింది, జవాబు వచ్చింది. విస్సన్నపేట నుంచి శుక్రవారం చూసుకోవడానికి వస్తున్నారు.

ఆ నాలుగు రోజులూ మా ఆడపడుచుని పట్టుకోలేకపోయాం. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, విస్సన్నపేట నుంచి పుట్టింటికి ఏ దారి దగ్గరో అని అప్పుడే నాతో మాట్లాడేది. కొత్త వేళ్ళు తెప్పించి సుగంధి కాచింది. రెండు ఏలకులు ఎక్కువ వేసింది. శుక్రవారం పొద్దున నేను తల దువ్వుతుంటే, "వదినా, నేను నిలబడితే ఏమనుకుంటాడో?" అని ఒక్కసారి మాత్రం భయపడింది. "గ్లాసు బోర్లించినవాడు ఎత్తు కొలవడే" అన్నాను. నమ్మకంగానే అన్నాను.

బండి వచ్చింది. నేను తలుపు సందులోంచి చూశాను. దిగినాయన నిజంగానే పొడుగే. కానీ ఆయనకి మా మామగారి వయసుంటుంది. భార్య పోయి చాలా ఏళ్ళయిందట. మీసానికి ఆ పూటే రంగేసుకొచ్చినట్టున్నారు, ఆ రంగు ఎండకి కారి పెదవి మీదకి దిగుతోంది. అత్తగారు నా భుజం పట్టుకుని, "ఈయనేంటే?" అన్నారు. నన్నడిగితే నేనేం చెప్పను? తరవాత తెలిసిన సంగతి ఇదీ. ఆయనకి కడుపులో మంట. సుగంధి చలవ చేస్తుంది, రంగు నీళ్ళు మానమని ఆ ఏడే డాక్టరు చెప్పాడు. ఆ వేసవిలో మా కొట్లో సుగంధి తాగేది ఆయనొక్కరే. అందరి ఇష్టాలూ నోటికొచ్చిన మా మామగారికి, అందరూ నల్లదానికి మారాక పోయినేడు ఎవరు ఏం తాగారో గుర్తులేకుండా పోయింది. సుగంధి ఆయన అనగానే మామగారికి తట్టింది ఆయనే. మాట ఇచ్చేశారు. వ్యాపారస్తుల ఇంట్లో మాట ఇస్తే సరుకు ఇచ్చినట్టే, వెనక్కి తీసుకోవడం ఉండదు.

పిల్లని తీసుకొచ్చి కూర్చోబెట్టాం. మా ఆడపడుచు తల దించుకునే ఉంది, ఆయన మొహం చూడలేదు. చూస్తున్నది ఆయన చేతిలో గ్లాసుని. ఆయన సుగంధి తాగారు. బావుందన్నారు. అడుగున ఇంత మిగిల్చి, గ్లాసు నిలువుగా చాప మీద పెట్టి, వక్క నోట్లో వేసుకున్నారు. ఆ పిల్ల కళ్ళలోంచి నీళ్ళు జలజలా చేతిగాజుల మీద పడ్డాయి. మామగారు చూడనట్టు గోడవైపు తిరిగారు. విస్సన్నపేట ఆయన చూశారు. "ఏమ్మా? ఎవరైనా బలవంతపెట్టారా? చెప్పు తల్లీ, నేనేమీ అనుకోను" అన్నారు. గొంతులో నిజమైన దయ ఉంది. మా అత్తగారు వెనకనుంచి వంగవే అని సైగ చేస్తూనే ఉన్నారు పాపం, అలవాటు కొద్దీ. అప్పుడు మా ఆడపడుచు లేచింది. వంగలేదు. దూలానికి తల తగులుతుందేమో అన్నంత ఎత్తున నిలబడి, మగవాళ్ళ మధ్య జీవితంలో మొదటిసారి నోరు విప్పి, "మీరు గ్లాసు బోర్లించలేదండీ" అంది.

మామగారు ఈ పిల్లకి మతి గానీ పోయిందా అన్నట్టు చూశారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిపి కొంగులో కుక్కుకున్నాను. ఆయన కాసేపు గ్లాసు వైపు చూశారు, పిల్ల వైపు చూశారు. మెల్లగా ఆ రంగుమీసం కదిలింది. "బోర్లించడమా? అది మా మేనల్లుడి పని కదమ్మా! ముసునూరు అబ్బాయి. పోయినేడు నా సరుకంతా వాడే చూసుకున్నాడు. ఎవరింట్లో తాగినా గ్లాసు కడిగి బోర్లించందే కదలడు. వాళ్ళమ్మ అలా పెంచింది వాణ్ణి. ఓరి, వాడా!" అన్నారు. తరవాత ఏమనుకున్నారో, ఉత్తరీయం తీసి ముక్కు కింద గట్టిగా తుడుచుకున్నారు. తెల్లటి ఉత్తరీయం మీద నల్లటి చార పడింది. మీసం సగం నెరిసిపోయింది. మా మామగారి చెయ్యి పట్టుకుని, "బావగారూ, మీరిచ్చిన మాట ఎక్కడికీ పోలేదు. నేను పిల్లని అడగడానికే వచ్చాను, నా మేనల్లుడికి. రంగేసుకున్నది మాత్రం దండగైంది" అన్నారు. మా మామగారు అంత కఠినమైన మనిషి, ఆయన చేతిని కళ్ళకద్దుకున్నారు. వెళ్ళేముందు ఆయన ఆ గ్లాసు తీసుకుని వీధరుగు మీదకి వెళ్ళారు. చెంబుతో నీళ్ళు పోసి కడిగారు, గూట్లో బోర్లించి పెట్టారు. ఆ గ్లాసు చూసి నేను గట్టిగానే ఏడ్చాను. పాపం, ఆ పూట ఆయన కూడా ఎంతో కొంత ఆశ పెట్టుకునే వచ్చి ఉంటారు.

అసలు మనిషి మర్నాడే వచ్చాడు, తల్లిని వెంటపెట్టుకుని. తెల్లగా నవ్వే మనిషి. మా ఆడపడుచు కంటే నాలుగు వేళ్ళు పొట్టి! ఇన్ని జరిగి చివరికి ఇదా అని అత్తగారు నుదురు కొట్టుకున్నారు. మా ఆడపడుచు భుజాలు మళ్ళీ ముడుచుకోబోయాయి. అతను తలెత్తి చూసి, "వంగకండి. మా తోటలో పైకొమ్మ కాయలు నాకెప్పుడూ అందవు" అన్నాడు. వాళ్ళమ్మ నవ్వేసింది, మేమందరం నవ్వేశాం. అంతే, కుదిరిపోయింది. ఆ ఏడు కొట్టుకి రాలేదా అని నేనే అడిగాను, ఆడపడుచు తరఫున. వచ్చాడట, రోజూ వచ్చాడట. మామగారు మర్యాదకొద్దీ నల్ల సీసా చేతిలో పెడితే వద్దనలేక, ముక్కు మూసుకుని మింగాడట. "మరి సుగంధి కావాలని అడగొచ్చుగా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు" అన్నాను. "నేను అడుగుతున్నది సుగంధేనని ఎవరు నమ్ముతారండీ?" అన్నాడు. చెవుల దాకా ఎర్రబడి అన్నాడు, మా ఎర్ర కలరంత ఎరుపు.

ఇదీ కథ. మొన్న నిశ్చితార్థంలో మా ఆడపడుచు నాకోసం లోపల్నుంచి చెంబుతో సుగంధి తెప్పించింది, ఇప్పటికీ తనే కాస్తుంది. షామియానా కింద వాళ్ళాయన బ్లాకో వైటో, పిల్లలు చేతిలో పెట్టింది తాగారు. అప్పుడూ ఇప్పుడూ ఆయనకి వద్దనడం చేతకాదు. తాగి, కర్ర పోటేసుకుంటూ కుళాయి దాకా వెళ్ళి, ఆ కాగితం కప్పుని కడిగి, పిట్టగోడ మీద బోర్లించారు. "తాతయ్యా, అది పారేసేదే" అని పిల్లలు ఒకటే నవ్వు. మా ఆడపడుచు లేచి వెళ్ళి, తన కప్పు కూడా కడిగి దాని పక్కన బోర్లించింది. వెనకనుంచి చూస్తే ఇద్దరూ ఒకే ఎత్తు ఉన్నారు. ఆ నాలుగు వేళ్ళ తేడా ఎప్పుడు పోయిందో నేను గమనించనే లేదు. పెళ్ళికొడుకుల కోసం వంగనని ఒకనాడు నిటారుగా నిలబడ్డ పిల్లని, ఎవరూ ఏమీ అనకుండానే, ఇన్నేళ్ళ కాలం మెల్లగా వంచి ఆయన భుజం పక్కకి చేర్చింది.